52 ఏళ్లకు రోడ్డు సైకిలు: ముందు సీటు ఎత్తు, తర్వాతే సముద్రం

ప్రశ్న: నమస్కారమండి. మాది ఒడిశాలోని బరంపురం. బడా బజార్‌లో బట్టల కొట్టు. పొద్దున్నుంచి రాత్రి దాకా గల్లా దగ్గర కూర్చునే పని. వయసు 52, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 84 కిలోలు. మూడేళ్లుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర పొద్దున టిఫినుకి ముందు వేసుకుంటాను. బీపీకి ఇంకో మాత్ర. మెట్లెక్కితే కుడి మోకాలు ముందువైపు నొప్పి పుడుతుంది. డాక్టరుగారు ఏదో ఒక వ్యాయామం చెయ్యమన్నారు. నడక రెండుసార్లు మొదలెట్టి విసుగొచ్చి మానేశాను. విశాఖలో ఉన్న మా బావమరిది తన రోడ్డు బైకు, అదే వంగిన హ్యాండిలుది, 30 వేలకు ఇస్తానంటున్నాడు. 56 సైజట, టైర్లు 25వి. వాడు ఆరడుగుల మనిషి. సీటు కిందికి దింపుకుంటే నాకూ సరిపోతుందంటాడు. సంక్రాంతికల్లా సముద్రం ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్ వెళ్లి రావాలని నా ఆశ. మా ఆవిడేమో ‘ఈ వయసులో లారీల మధ్యకా’ అంటోంది. కొనమంటారా? మోకాలు ఇంకా పాడవుతుందా? ఎలా మొదలెట్టాలో చెప్పగలరు.

సమాధానం: మీ బావమరిదిగారి సైకిలు కొనకండి. ముందు ఆ ముక్క తేలిపోతే మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

సీటు దింపితే కాళ్లు అందుతాయి, నిజమే. కానీ సీటుకీ హ్యాండిలుకీ మధ్య ఉండే దూరం ఫ్రేముతో పాటు వచ్చేది, దింపితే తగ్గేది కాదు. 56 సైజు ఫ్రేములో పై గొట్టం దాదాపు 56 సెంటీమీటర్ల పొడవుంటుంది. మీకు కావలసిన సైజులో 53 దరిదాపుల్లో ఉంటుంది. ఆ మూడు సెంటీమీటర్లను మీరు మోచేతులు బిగబట్టి, నడుము సాగదీసి పూడ్చుకోవాలి. అరగంటకి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి, ఎందుకంటే అరచేతి అంచున పోయే నరం మీద పై ఒంటి బరువు పడుతుంది. గంటకి మెడ పట్టేస్తుంది. హ్యాండిలుని పట్టి ఉంచే స్టెమ్ పొట్టిది వేయిస్తే ఒకటి రెండు సెంటీమీటర్లు కలిసొస్తాయి. అంతకు మించి పొట్టిది వేస్తే హ్యాండిలు చిన్న కదలికకే అటూ ఇటూ తిరిగిపోతుంది. సైజు కుదరలేదని బావమరిదిగారికి చెప్పండి. అది నిజమే, ఆయనా నొచ్చుకోరు.

మీ సైజు మీరే తెలుసుకోవచ్చు. చెప్పులు లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడండి. ఒక అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య నిలువుగా పెట్టి, సీటు మీద కూర్చున్నంత బిగువుగా పైకి నొక్కి పట్టుకోండి. పుస్తకం పై అంచు దగ్గర ఇంట్లోవాళ్ల చేత గోడ మీద గీత పెట్టించి, నేల నుంచి అక్కడిదాకా టేపుతో కొలవండి. మీ కొట్లో టేపుకి కొదవుండదు. మీ ఎత్తు వాళ్లకు ఇది సాధారణంగా 76 నుంచి 79 సెంటీమీటర్లు వస్తుంది. 78 వచ్చిందనుకుందాం. దాన్ని 0.67తో గుణిస్తే 52. రోడ్డు సైకిలు ఫ్రేములో మీ సైజు అదీ, ఒక సెంటీమీటరు అటూ ఇటూ. అదే 78ని 0.883తో గుణిస్తే దాదాపు 69. పెడళ్ల ఇరుసు నడిమి నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు అది. ఈ రెండో అంకె కాగితం మీద రాసిపెట్టుకోండి, మీ మోకాలి సంగతికి వచ్చినప్పుడు కావాలి.

ఇక ఏది కొనాలి? మొదటి సైకిలుగా మీకు తిన్నని హ్యాండిలున్న హైబ్రిడ్, అంటే రోడ్డు బైకుకీ మామూలు సైకిలుకీ మధ్య రకం, మంచిది. 700 సైజు చక్రాలు, 32 నుంచి 38 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, డిస్కు బ్రేకులు చూసుకోండి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో స్ప్రింగు లేనిది అడగండి. చౌక సైకిళ్లకు వేసే స్ప్రింగు ఫోర్కు బరువు పెంచుతుంది, నిలబడి తొక్కినప్పుడల్లా మీ బలాన్ని కొంత మింగేస్తుంది. వెనక గేర్లలో అన్నిటికన్నా పెద్దదానికి 32 లేదా 34 పళ్లుండాలి. దీని విషయంలో రాజీ పడకండి, మోకాలికి అదే ఊరట. ఇలాంటివి ప్రస్తుతం 18 వేల నుంచి 30 వేల లోపు దొరుకుతున్నాయి. వంగిన హ్యాండిలు మీదే మనసుంటే ఏడాది ఆగండి. అప్పటికి నడుము, మెడ అలవాటు పడతాయి, మీకు ఏం కావాలో కూడా తెలుస్తుంది. 25 టైర్లు మాత్రం ఈ రోడ్లకు ఎప్పటికీ వద్దు. 84 కిలోల మనిషి వాటిలో 90 పీఎస్‌ఐకి (గాలి ఒత్తిడి కొలత) తక్కువ కాకుండా గాలి పెట్టాలి, అంత బిగువు టైరు మీద ప్రతి గతుకూ వెన్నులో తెలుస్తుంది. గాలి తగ్గితే గుంతలో పడ్డప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

మీ ఊళ్లో మీ సైజు దొరక్కపోతే భువనేశ్వర్‌కో విశాఖకో ఒక రోజు పెట్టుకుని వెళ్లి, ఎక్కి కూర్చుని చూశాకే కొనండి. ఎస్, ఎమ్ అనే గుర్తులు కంపెనీకో రకంగా ఉంటాయి. పై గొట్టం మీదుగా రెండు కాళ్లూ నేలకి ఆనించి నిలబడితే మధ్యలో మూడు నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. కూర్చుని హ్యాండిలు పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగి ఉండాలి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే సగం విప్పి పెట్టెలో వస్తుంది. బిగించేటప్పుడు ఎక్కువగా రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉండగానే చక్రం ఎక్కించేయడం. రెండోది, ఎడమ పెడలు. దాని మరలు ఉల్టా ఉంటాయి, గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితేనే బిగుస్తుంది. అది తెలియక మామూలు వైపు తిప్పి బలవంతం చేస్తే పెడలు బిగించే ఇనుప చెయ్యి, అంటే క్రాంకులో మరలు అరిగిపోతాయి, కొత్త క్రాంకు కొనాల్సి వస్తుంది. ముందు వేలితో నాలుగు చుట్లు తిరిగాకే స్పానరు తియ్యమనండి.

మోకాలి మాటకు ముందు ఒక సంగతి. 50 దాటి సైకిలు మొదలెట్టేవాళ్లు ఇబ్బంది పడేది మొదటి వారంలో తక్కువ. ఐదారు వారాలకి ఎక్కువ. ఊపిరి, గుండె మూడు నాలుగు వారాల్లోనే అందుకుంటాయి, ఒంట్లో హుషారు వస్తుంది. కానీ కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడతాయి. ఆయాసం రావడం లేదు కదా అని మనిషి ఒక్కసారి దూరం రెట్టింపు చేస్తాడు, అప్పుడు మోకాలో మడమ వెనకో పట్టేస్తుంది. మీ విషయంలో నేను చెప్పేవన్నీ ఈ ఊపిరికీ స్నాయువులకీ మధ్య ఉన్న తేడాను దృష్టిలో పెట్టుకుని చెప్పేవే.

సైకిలు వల్ల మోకాలు పాడవుతుందా అంటే, సరిగ్గా అమర్చుకుంటే పాడవదు. ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి పరుగు కన్నా, మెట్ల కన్నా మోకాలి మీద భారం తక్కువ. పాడు చేసేవి రెండే: తక్కువ ఎత్తులో సీటు, బరువైన గేరు. మన ఊళ్లలో సైకిలెక్కితే రెండు పాదాలూ నేలకు ఆనాలని చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ ఎత్తులో పెడలు పైకి వచ్చినప్పుడు మోకాలు మరీ ఎక్కువ ముడుచుకుంటుంది, చిప్ప తొడ ఎముక మీద గట్టిగా ఒత్తుకుంటుంది. మెట్లెక్కినప్పుడు మీకు నొప్పి పుట్టే చోటే అది.

కాబట్టి ఇలా చెయ్యండి. సైకిల్ని గోడ పక్కన నిలబెట్టి ఎక్కి కూర్చోండి. సీటు ఎత్తు ముందు రాసుకున్న 69 దగ్గర పెట్టండి. మడమను పెడలు మీద ఆనించి, పెడలు అట్టడుగుకు తెస్తే కాలు తిన్నగా చాపుకోవాలి, కానీ నడుము ఒక పక్కకు ఒరగకూడదు. ఒరిగితే అర సెంటీమీటరు దింపండి. తొక్కేటప్పుడు మడమ కాదు, వేళ్ల వెనక ఉండే పాదం మెత్త భాగం పెడలు ఇరుసు మీద ఉండాలి. అప్పుడు అడుగున మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, ఆ వంపే కావాలి. తర్వాత పెడళ్లు రెండూ నేలకు సమాంతరంగా పెట్టి, ముందు కాలి మోకాలి చిప్ప కింద నుంచి దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీయండి. దారం పెడలు ఇరుసు మీదుగా పోవాలి. ముందుకి పోతే సీటును పట్టాల మీద వెనక్కి జరపండి. సీటు పైభాగం నేలకు సమంగా ఉండాలి. అంతా కుదిరాక సీటు పైపు చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేసి గుర్తు పెట్టుకోండి. పైపు మీద కంపెనీ వేసిన హద్దు గీత మాత్రం ఎప్పుడూ ఫ్రేము లోపలే ఉండాలి.

ఈ ఎత్తులో ఆగినప్పుడు కూర్చునే పాదం ఆనించలేరు. ఆగే ముందు సీటు మీంచి ముందుకు దిగి ఎడమ పాదం ఆనించాలి. ఖాళీ మైదానంలో ఒక పూట ఇదే సాధన చెయ్యండి. సందులోకి అప్పుడు వెళ్లొచ్చు.

తర్వాత నొప్పే మీకు దారి చూపిస్తుంది. మోకాలు ముందు వైపు నొప్పి అంటే సీటు తక్కువ, లేదా మరీ ముందుకుంది, లేదా గేరు బరువు. మోకాలి వెనక నొప్పి అంటే సీటు ఎక్కువ ఎత్తుంది. ఏది మార్చినా మూడు నాలుగు మిల్లీమీటర్లే మార్చి, రెండు రోజులు తొక్కి చూడండి. ఒక్కసారే రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. మోకాలు వాచినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా ఎముకల డాక్టరుకు చూపించాలి. అది సీటుతో తేలేది కాదు.

గేరు సంగతి. ముందు పళ్ల చక్రం చిన్నది, వెనకది పెద్దది అయినకొద్దీ తొక్కడం తేలిక. ముందు 38 పళ్లు, వెనక 19 పళ్లు ఉంటే పెడలు ఒక చుట్టుకి చక్రం రెండు చుట్లు. మీ చక్రం చుట్టుకొలత దాదాపు 2.15 మీటర్లు. నిమిషానికి 70 చుట్లు తొక్కితే గంటకు 18 కిలోమీటర్లు. మొదటి మూడు నెలలు మీకు కావలసిన వేగం అంతే. కుడి మోకాలు పైకి లేచినప్పుడల్లా లెక్కపెట్టండి: పదిహేను సెకన్లలో 17 నుంచి 20 రావాలి. 14కి పడిపోతే గేరు బరువైంది, తేలికది వెయ్యండి. ఎగుడు రాకముందే మార్చాలి, బిగపట్టి తొక్కుతూ మారిస్తే చైను కిర్రుమని పళ్ల మీద నుంచి జారుతుంది. ‘గట్టిగా తొక్కితేనే వ్యాయామం’ అనే మాట పట్టించుకోకండి. తేలిగ్గా, గబగబా తిప్పితే భారం గుండె మీద పడుతుంది. బరువుగా, మెల్లగా తొక్కితే మోకాలి మీద పడుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది, మీ మాత్ర. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు, తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను పిండుతుంది. ఆ మాత్ర వేసుకుని, టిఫిను తినకుండా సైకిలెక్కితే రోడ్డు మధ్యలో షుగరు పడిపోవచ్చు. సైకిలు మొదలెడుతున్నానని డాక్టరుగారికి చెప్పి, మాత్ర తొక్కి వచ్చాక టిఫినుతో వేసుకోవచ్చా, మోతాదు తగ్గించాలా అని అడగండి. మీరే మానేయకండి. ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష, కంటి రెటీనా పరీక్ష, పాదాల స్పర్శ పరీక్ష కూడా అప్పుడే చేయించుకోండి. బీపీ మాత్ర అటెనొలాల్, మెటొప్రొలాల్ రకమైతే గుండె వేగం మామూలుగా పెరగదు, చేతి వాచీ చూపించే అంకెను నమ్మకండి. ఎవరికైనా సరిపోయే కొలత ఒకటుంది: తొక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

మొదటి నెల బయల్దేరే ముందు ఇంట్లో మీటరుతో షుగరు చూసుకోండి. 90 కన్నా తక్కువుంటే ఒక అరటిపండు తిని పావుగంట ఆగండి. 250 దాటి ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ పూట వద్దు. జేబులో గ్లూకోజ్ పొడి పొట్లం ఎప్పుడూ ఉండాలి. చేతులు వణకడం, గుండె దడ, చూపు మసకబారడం, ఉన్నట్టుండి చిరాకు కనిపిస్తే ఆగిపోయి మూడు చెంచాల గ్లూకోజ్ నోట్లో వేసుకుని పావుగంట కూర్చోవాలి. చెమటను గుర్తుగా నమ్మకండి. మీ ఊరి ఉక్కలో అది ఎలాగూ పోస్తుంది. ఎక్కువ దూరం తొక్కిన రోజు రాత్రి కూడా షుగరు పడొచ్చు, కాబట్టి ఆదివారం రాత్రి భోజనం మానకండి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం వస్తే ఇల్లు దగ్గరే కదా అని తొక్కుకుంటూ రాకండి. దిగిపోయి ఎవరినైనా పిలిచి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

నవంబరు మొదటి వారంలో మొదలెడితే సంక్రాంతికి పది వారాలుంటాయి. సరిపోతాయి. మొదటి రెండు వారాలు వారానికి నాలుగు రోజులు, రోజుకు అరగంట, ఆరేడు కిలోమీటర్లు. ఇంకా తొక్కాలనిపిస్తుంది, తొక్కకండి. మూడు, నాలుగు వారాల్లో 40 నిమిషాలు, పది కిలోమీటర్లు. ఐదో వారం కావాలనే తగ్గించి మొదటి వారం లెక్కకి రండి. స్నాయువులు కోలుకునేది ఆ వారంలోనే, చాలామంది ఎగ్గొట్టేదీ దాన్నే. ఆరు, ఏడు వారాల్లో మామూలు రోజులు మూడు, ఆదివారం 18 నుంచి 20 కిలోమీటర్లు. తర్వాత ఆదివారానికి 24, ఆ పై ఆదివారానికి 28. పదో వారం గోపాల్‌పూర్: పోను 16, రాను 16. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదేసి చొప్పున మూడుసార్లు, మునివేళ్ల మీద లేవడం పదిహేనేసి చొప్పున మూడుసార్లు చెయ్యండి. సైకిలు ఎముకల మీద బరువు వెయ్యదు కాబట్టి ఎముక బలానికి ఇవి, కాస్త నడక తప్పవు.

పిరుదుల నొప్పి మొదటి పది రోజులు ఎవరికైనా ఉంటుంది. దానికి మెత్తటి జెల్ కవరు కొనకండి. మెత్తదనంలో కూరుకుపోయి, కాళ్ల మధ్య మెత్తటి చోట ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. లోపల ప్యాడ్ ఉన్న సైకిలు నిక్కరు కొనండి. దాని కింద లోదుస్తులు వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. బిగుతు నిక్కరుతో బజారులో తిరగడం మొహమాటంగా ఉంటే పైన వదులు నిక్కరు వేసుకోండి. పది నిమిషాలకోసారి పెడళ్ల మీద నిలబడి ఓ పది చుట్లు తొక్కండి. తొడల మధ్య మొద్దుబారితే ఓర్చుకోకండి, సీటు ముందు ముక్కు పైకి లేచిందేమో చూడండి.

మీ ఆవిడ భయానికి అర్థముంది. అందుకే మొదటి రెండు నెలలు 16వ నంబరు జాతీయ రహదారి మీదికి అసలు వెళ్లొద్దు. దాన్ని దాటాల్సి వస్తే దిగి నడిపించుకుంటూ దాటండి. తెల్లవారాకే బయల్దేరండి: మీ దగ్గర జూన్‌లో 5:15కే వెలుగొస్తుంది, డిసెంబరు చివరికి 6:20 దాటుతుంది. వెనక ఎర్ర లైటు పగలు కూడా మిణుకుతూ ఉండాలి. హెల్మెట్ కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన సమంగా కూర్చోవాలి, నుదురు కనిపించేలా వెనక్కి పెట్టుకుంటే ఉపయోగం లేదు. రోడ్డు అంచుకి అతుక్కోకుండా ఒక మీటరు లోపలికి తొక్కండి. అంచునే గాజు పెంకులు, ఇసుక, లారీ టైర్ల నుంచి రాలిన సన్న ఇనుప తీగలు ఉంటాయి. పైగా మీరు అంచుకి జరిగినకొద్దీ వెనకవాళ్లు సందులో దూరిపోదామనుకుంటారు. చెవిలో పాటలు వద్దు. జేబులో పేరు, ఇంటి ఫోను నంబరు, వాడే మందులు రాసిన చీటీ ఉండాలి. కుక్కలు తరిమితే వేగం పెంచకండి. ఆగి, దిగి, సైకిల్ని మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడవండి, చాలాసార్లు అవే ఊరుకుంటాయి.

ఇక దారి. గోపాల్‌పూర్ రోడ్డులో డిసెంబరు ఆదివారాలు పిక్నిక్ బస్సులు, కార్లు ఎనిమిది దాటితే వరస కడతాయి. ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉండేలా లెక్క వేసుకోండి. చలికాలం పొద్దున్న గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. పోయేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, ఎంత బాగా తొక్కేస్తున్నానో అనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ముఖానికి కొడుతుంది. అందుకని వెళ్లేటప్పుడే ఒక గేరు తేలికలో ఉండండి. వేసవిలో కథ మారుతుంది. ఏప్రిల్ నుంచి గాలి నైరుతి నుంచి గట్టిగా కొడుతుంది కాబట్టి ముందు ఇచ్ఛాపురం వైపు ఎదురుగాలిలో వెళ్లి, అలసిపోయాక గాలి తోడుతో వెనక్కి రావాలి. దానికి ఎదురు దిక్కున ఉన్న ఛత్రపురం వైపు వెళ్తే తిరుగు ప్రయాణం నరకం. వరి కోతలయ్యాక పల్లె రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు. దాని మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, వేగం ముందే తగ్గించి తిన్నగా దాటాలి. తీరం దగ్గర మలుపుల్లో ఎగిరొచ్చిన ఇసుకా అంతే. ఠాకురాణి జాతర జరిగే ఏడాది ఆ రోజుల్లో పాత వీధుల్లో సైకిలు మాట మరిచిపోండి.

చలికాలం గంటకు అర లీటరు నీళ్లు చాలు, వేసవిలో ముప్పావు లీటరు, కాస్త ఉప్పు. గోపాల్‌పూర్‌లో ఆగి పూరీ, ఘుగుని (బఠాణీల కూర) తినాలనిపిస్తుంది. తినండి, కానీ లెక్క తెలిసి తినండి: మీ బరువుకి ఆ వేగంలో గంటకు 500 కేలరీల పైచిలుకు ఖర్చవుతుంది, నాలుగు పూరీలు దాన్ని దాదాపు పూర్తిగా వెనక్కి తెచ్చేస్తాయి. సైకిలు తొక్కీ బరువు తగ్గని వాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు.

పంచర్ వెయ్యడం ఇంట్లోనే నేర్చుకోండి, ఎందుకంటే దారిలో పంచర్ కొట్లో 700 సైజు ట్యూబు ఉండదు. మీ చక్రాలకు మోటారు సైకిలు లాంటి లావు వాల్వు ఉందో, సన్నటి ప్రెస్టా వాల్వు ఉందో ముందే చూసుకోండి. సన్నదైతే కొట్లో పంపు పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టరు సీటు కింద సంచిలో పెట్టుకోవాలి. దాంతోపాటు రెండు ట్యూబులు, టైరు ఊడదీసే రెండు ప్లాస్టిక్ లివర్లు, చేతి పంపు, ఎలెన్ కీల కట్ట. ట్యూబు మార్చేటప్పుడు కొత్తది వేసే ముందు టైరు లోపల వేలు మెల్లగా చుట్టూ తిప్పి ముల్లో తీగో దొరికేదాకా వెతకండి. అది తియ్యకుండా వేస్తే పది నిమిషాల్లో రెండో ట్యూబూ పోతుంది. కొత్త ట్యూబులో గుండ్రంగా నిలిచేంత గాలి ముందే పెట్టి ఎక్కిస్తే టైరు కింద నలగదు. టైరు అంచులో చివరి భాగాన్ని లివరుతో కాక బొటనవేళ్లతోనే లోపలికి నెట్టాలి. 35 టైరుకి మీ బరువుకి వెనక 60, ముందు 50 పీఎస్‌ఐ పెట్టి చూడండి. వారానికోసారి గాలి కొలవాలి.

సముద్రం దాకా వెళ్లొచ్చిన రోజు తడిగుడ్డతో ఉప్పు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, చైను ప్రతి లింకు మీదా ఒక్కో చుక్క సైకిలు చైను నూనె వేసి, ఐదు నిమిషాలాగి పైపైన ఉన్నదంతా తుడిచెయ్యండి. కొబ్బరి నూనె జిగురెక్కుతుంది, ఇంజను ఆయిలు ఇసుకను పట్టుకుని పళ్లను ఆకురాయిలా అరగదీస్తుంది. డిస్కు మీద ఏ నూనె తుంపరా పడకూడదు, పడితే బ్రేకు పట్టదు. బండ్లు కడిగే చోట వేగంగా కొట్టే నీళ్ల పైపు కింద పెట్టకండి, బేరింగుల్లోని గ్రీజు పోతుంది. చైను పన్నెండు అంగుళాల స్కేలుతో కొలవండి: ఒక పిన్ను మీద సున్నా పెడితే 24 పిన్నుల తర్వాతది సరిగ్గా 12 దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటిపోతే చైను మార్చాలి, ఆలస్యం చేస్తే వెనక పళ్లు కూడా మార్చాల్సి వస్తుంది.

హెచ్‌బీఏ1సీ పరీక్ష జనవరిలో తొందరపడి చేయించకండి. అది సుమారు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి ఫిబ్రవరి రెండో వారం తర్వాత చేయిస్తేనే సైకిలు ప్రభావం పూర్తిగా కనిపిస్తుంది. ఏ రోజు ఎంత సేపు తొక్కారో, బయల్దేరే ముందు షుగరు ఎంతో ఒక చిన్న పుస్తకంలో రాస్తూ ఉండండి. ఉదయం అంకెలు వరసగా 100 కిందికి వస్తుంటే ఫిబ్రవరి దాకా ఆగకుండా ఆ పుస్తకం పట్టుకుని డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. గ్లిమిపిరైడ్ తగ్గించాల్సిన సమయం వచ్చి ఉండొచ్చు.